కొంగకాళ్ళ హనుమంతప్ప

హనుమంతప్ప మామ అట్టల మీద చిల్లులు కొడుతున్నాడు. ఎడమచేతి బొటనవేలు గ్రాఫు కాగితం మీద ఒక గడి దగ్గర ఆగి ఉంది. కుడిచేతిలో సుత్తి టక్కుటక్కుమంటోంది. పట్టుచీర అంచులో హంస నడవాలన్నా, కొంగులో నెమలి ఆడాలన్నా ముందు ఈ అట్టల్లో చిల్లులు పడాలి. చిల్లు ఉన్నచోట జకార్డు మిషను పోగును లేపుతుంది, లేనిచోట లేపదు. ఒక్క చిల్లు తప్పితే నెమలికి ముక్కు ఉండదు. అందుకని పని చేసేటప్పుడు పిడుగు పడినా ఆయన తల ఎత్తడు. ఆ సంగతి తెలిసి కూడా, పక్కన కూర్చుని మిషను హుక్కులు సరిచేస్తున్న నేను కిటికీలోంచి చూసి నోరు జారాను.

"మామా, కొంగ పోతాంది చూడు."

సుత్తి ఆగింది.

"ఏ కొంగ?"

"తెల్లకొంగ."

"తెల్లవి నాలుగు రకాలు ఉండాయి. ఏది?"

"ఇప్పుడు పోయింది చూడు, అది."

"కాళ్ళు చూసినావా?"

చూడలేదు. ఆ పూట ఇక అట్టలు లేవు, హుక్కులు లేవు. ఒక గంట పాటు కొంగ కాళ్ళే.

ఇదీ ఆయన జబ్బు. ధర్మవరంలో ఎవరి నోట్లోంచీ 'కొంగ' అనే మాట ఒంటరిగా బయటికి రాకూడదు. దానికి ముందో వెనకో ఇంకో మాట ఉండాలి. లేకపోతే ఆయన ఎక్కడున్నా వచ్చి నిలబడి, "కాళ్ళు చూసినావా?" అంటాడు. ఊరంతా కలిసి ఆయనకు కొంగకాళ్ళ హనుమంతప్ప అని పేరు పెట్టింది. ఆయన దాన్ని బిరుదుగా తీసుకున్నాడు.

సొంత ఊరు కన్నడ సరిహద్దున ఉన్న అమరాపురం పక్క పల్లె. గొర్రెలు కాసిన ఇల్లు. అట్టలు కొట్టడం ఎవరూ నేర్పలేదు. పాడైన అట్టలు ఏరి తెచ్చుకొని, చిల్లును బట్టి బొమ్మ ఎలా వస్తుందో వెనక్కి లెక్క కట్టి తనకు తానే నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన అట్టలో చిల్లు తప్పిందని ఎవరూ అనలేదు. నేను బిగించే ప్రతి మిషను మీదా ఆయన అట్టలు వేలాడాలని కోరుకుంటాను. ఈ కాలంలో కంప్యూటరులో గీసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మీద ఆయనకు కోపం లేదు. "గీయనీలే. కొంగకు కాళ్ళు గీసేటప్పుడు మాత్రం నన్ను అడగమను" అంటాడు.

నాలుగు రకాలు ఏవో నాకు కంఠతా వచ్చు. రాక ఎక్కడికి పోతుంది?

"గొడ్ల వెనకాల తిరిగేది గొడ్లకొంగ. పొట్టి మెడ, పొట్టి పసుపు ముక్కు, ఉబ్బిన దవడ. కొత్తగా ప్రెసిడెంటు అయినోని మాదిరి ఉంటాది. చిన్న తెల్లకొంగకు ముక్కు నలుపు, కాళ్ళు నలుపు, పాదాలు మాత్రం పసుపు. పసుపు రాసుకొని బురదలోకి దిగిన పెండ్లికూతురు అది. మిగిలిన రెండూ నడిమిది, పెద్దది. వాటి ముక్కు రంగు నమ్మొద్దు, కాలాన్ని బట్టి మారుస్తాయి. నోటి చీలిక చూడు. కంటి కిందే ఆగితే నడిమిది. కన్ను దాటి వెనక్కి పోతే పెద్దది. ఇంత సులభం."

"మామా, ఆ చీలిక చూడల్లంటే కొంగ పక్కన పోయి కూర్చోవల్ల."

"కూర్చో. ఎవరొద్దన్నారు?"

"మీ అమరాపురంలో కూడా ఇట్లే అడుగుతారా?"

"యాడబ్బా! మావాళ్ళు కన్నడంలో అన్నిటికీ కలిపి బెళ్ళక్కి అని ఒకే పేరు పెట్టి చేతులు దులుపుకొన్నారు. సోమరిపోతులు."

ఒకసారి ఇద్దరం పెనుకొండ బస్సులో పోతున్నాం. ముందు సీటులో ఒకామె ఏడుస్తున్న పిల్లను ఎత్తుకొని, "అదో చూడు, కొంగ!" అంది. మామ వెనక నుంచి లేచాడు.

"ఏ కొంగమ్మా?"

ఆమెకు "ఏ కొంగు" అని వినబడింది. తన చీర కొంగు తలుపులో ఇరుక్కుందనుకొని గబగబా లాక్కుంది. లేని ఇరుకును వెతకడానికి కండక్టరు వంగాడు. బస్సులోని ఆడవాళ్ళందరూ ఎవరి కొంగులు వాళ్ళు చూసుకున్నారు. విషయం తెలిశాక డ్రైవరు కూడా కలిశాడు.

"నేను చూసినాలేప్పా. కాళ్ళు నలుపే."

"పాదాలో?"

"బస్సు నడపల్నా, పాదాలు చూడల్నా?"

"రెండు కండ్లు ఉండాయి కదప్పా!"

ఇంకోసారి చుట్టాల్లో ధరణి అనే పిల్లకు సంబంధం మాట్లాడుతున్నారు. పెళ్ళిళ్ళ పేరయ్య ఆ పిల్లను పొగడబోయి, "పిల్ల కొంగ మాదిరి తెల్లగా ఉంటాది" అన్నాడు. అందరూ మామ వైపు చూశారు. ఆయన ఆపుకోవడానికి ప్రయత్నించాడు, అది నేను చూశాను. గొంతులోంచి తన్నుకొని వచ్చేసింది.

"ఏ కొంగ? గొడ్లకొంగ అయితే పిల్లకు మెడ లేదని చెప్పల్ల. పెద్దకొంగ అయితే మెడలో వంకర ఉండాదని చెప్పల్ల. దాచిపెట్టి పెండ్లి చేస్తే తప్పు కదా?"

పేరయ్య కాఫీ వదిలేసి పోయాడు. సంబంధం కుదిరింది కానీ పెళ్ళికి మామను పిలవలేదు. ఆయన మాత్రం పిలిచినవాళ్ళకంటే ముందు పోయి వడ్డన చేసి వచ్చాడు.

ఈ జబ్బులో అన్నిటికంటే పెద్ద భాగం ఆదివారం. ప్రతి ఆదివారం పొద్దున్నే మోపెడ్ వెనక ఒక నేతగాణ్ణి ఎక్కించుకొని చెరువుకు పోతాడు. ఒకరోజు ఒకరు. వంతు వచ్చినవాడు తప్పించుకోలేడు. ఒకాయన జ్వరమన్నాడు. "జ్వరం ఒంటికి కదప్పా, కండ్లకు కాదు కదా" అని దుప్పటితో సహా ఎక్కించుకొని పోయాడు. చెరువు దగ్గర అదే పరీక్ష. ముక్కు ఏ రంగు, కాలు ఏ రంగు, పాదం ఏ రంగు. పాదం బురదలో ఉంటే కొంగ కాలు ఎత్తేవరకు కదలనివ్వడు. ఒకసారి ఆ కొంగ గంటన్నర ఎత్తలేదు. దుర్భిణి కొనుక్కోమని నేను చెబితే కసురుకున్నాడు.

"కంటికి ఇంకో కన్ను తగిలిస్తే నీ కన్ను సంగతి ఎట్ల తెలుస్తాది?"

పిచ్చి మాట అనుకున్నాను.

ఇలా ఉండగా హిందూపురం నుంచి ఒక చీరకు ఆర్డరు వచ్చింది. చీరలు నేయించి అమ్మే జగదీష్‌కు నాగజ్యోతి అనే లెక్చరరు ఫోనులో సందేశం పెట్టింది. చెరువుల్లోని పక్షుల మీద ఆమె చేసిన పరిశోధనకు డాక్టరేటు వచ్చింది. పట్టా అందుకునే రోజు కట్టుకోవడానికి చీర కావాలి. ఇంకా యాభై రోజులుంది. జగదీష్ తెల్ల పట్టు కట్ట పట్టుకొని వచ్చాడు.

"హనుమంతప్పా, కొంగు తెల్లగా ఉండాలంట. కొత్త ఫ్యాషను."

మామ ఫోను లాక్కొని సందేశం చదివాడు. వెంటనే ఆమెకే ఫోను కలిపాడు.

"అమ్మా, తెల్లగా ఉండాల్సింది కొంగునా, కొంగనా?"

"కొంగ సార్. కొంగు ఎర్రదే. దానిమీద తెల్లకొంగలు కావాలి."

జగదీష్ తెల్ల పట్టు కట్టను మెల్లగా సంచిలో దాచుకున్నాడు.

"ఏ కొంగమ్మా?"

"చిన్నది సార్. నల్ల ముక్కు, నల్ల కాళ్ళు. పాదాలు పసుపు. పాదాలు మాత్రం తప్పిపోకూడదు సార్. పట్టా ఇచ్చేవాళ్ళందరూ పక్షుల చదువు చదివినవాళ్ళే."

మామ లేచి నిలబడ్డాడు. ఫోనును రెండు చేతులతో పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి, కాళ్ళ గురించి ఆయన అడగకముందే ఒక మనిషి చెప్పింది.

"కాఫీ తాగినావా తల్లీ?" అన్నాడు.

మామ మూడు రోజుల్లో కొంగల అట్టలు కొట్టేశాడు. చీరను నేతగాడు వెంకటేశులు మగ్గం మీద నేయాలని పట్టుబట్టాడు. జగదీష్ ముఖం మాడ్చుకున్నాడు. వెంకటేశులు పని పేరున్న పనే కానీ, ఆయన నేసిన చివరి రెండు చీరలూ వెనక్కి వచ్చాయి. లేత పసుపు ఉండాల్సిన బుటాల్లో మీగడ రంగు, మీగడ రంగు ఉండాల్సినచోట లేత పసుపు. పని మీద మనసు లేదని కొందరు, తాగుతున్నాడని కొందరు అన్నారు. మగ్గం జగదీష్‌ది. ఇల్లు గడిచేది ఆ మగ్గం మీదే.

"సరే, నీ మాట మీద ఇస్తాండా. ఈ చీర కూడా తప్పితే మగ్గం ఎత్తుకొని పోతా. మళ్ళీ నన్ను అడగొద్దు" అన్నాడు జగదీష్.

ఆ మాట వెంకటేశులు ఇంటికి గంటలో చేరింది. మర్నాడు ఆయన భార్య కళావతి నా దగ్గరికి పరిగెత్తుకొని వచ్చింది.

"అన్నా, మిషన్ ఒకసారి చూడన్నా. మా ఆయన మిషన్‌లోనే తప్పుండాది అంటాండాడు. లేకుంటే అట్టల్లో ఉండాదంట."

మిషను విప్పి, ప్రతి హుక్కూ తుడిచి, మళ్ళీ బిగించాను. తప్పు లేదు. పాత చీరల అట్టలూ, కొత్త కొంగల అట్టలూ గ్రాఫుతో పోల్చాను. అక్కడా లేదు. నాకు కోపం వచ్చింది. ఏ పోగు లేవాలో అట్ట చెబుతుంది కానీ ఏ రంగు వేయాలో చెప్పదు. రంగు దారం చుట్టిన కండెలు పక్కన వరసగా ఉంటాయి. ఏది తీసి వేయాలో నేతగాడి చేతిలో ఉంటుంది. రంగు తప్పు మిషనుకు అంటగడితే ఎవరికి మండదు? నేరుగా మామ దగ్గరికి పోయి చెప్పాను.

"మామా, వెంకటేశులు తన తప్పు మన నెత్తిన రుద్దుతాండాడు."

మామ సుత్తి కింద పెట్టాడు.

"రేపు ఆదివారం కదా. వెంకటేశులు వంతు. నువ్వు కూడా రా రామాంజీ."

మర్నాడు చెరువు దగ్గర నీళ్ళు తగ్గి బురద మేట పైకి తేలి ఉంది. ముప్పై అడుగుల దూరంలో ఒక చిన్న తెల్లకొంగ నడుస్తోంది. అడుగు అడుగుకూ కాలెత్తి, పసుపు పాదం చూపించి మరీ దించుతోంది. పరీక్ష పేపరు ముందే బయటికి వచ్చినట్టుంది.

"పాదం ఏ రంగప్పా?"

వెంకటేశులు కళ్ళు చికిలించాడు. "నలుపు."

"ఇంకోసారి చూడు."

"అదే, పసుపు."

"ముక్కు?"

"ముక్కూ పసుపే" అన్నాడు, ఒకసారి పనికొచ్చిన రంగు ఇంకోసారి పనికొస్తుందని. తర్వాత తనే ధైర్యం తెచ్చుకొని గట్టు మీది కంపచెట్టు వైపు చెయ్యి చూపాడు. "మామా, అదో, ఆడ కూర్చునేది పెద్ద తెల్లకొంగ. అది నేను బాగా గుర్తుపడతా."

అది గాలికి వచ్చి కంపకు తగులుకున్న ప్లాస్టిక్ కవరు.

నేను పకపకా నవ్వబోయాను. మామ నా చెయ్యి పట్టుకొని నొక్కాడు. ఎముక నొప్పి పుట్టేంత గట్టిగా నొక్కాడు.

"అవునప్పా, పెద్దదే" అన్నాడు. "మెడ చూడు ఎంత పొడుగుండాదో. సరే, మోపెడ్ ఎక్కు. పెనుకొండలో ఇంకో రకం ఉండాది, చూసొద్దాం."

కొంగను చూడటానికి ఎవరైనా పెనుకొండ దాకా పోతారా? వెంకటేశులుకు అనుమానం రాలేదు. ఊళ్ళో మామ పేరు అటువంటిది. ఆయన ఆ మనిషిని కొంగ కోసమని కాశీకి తీసుకుపోయినా ఎవరూ వింతగా చూడరు. నేను నా బండి మీద వెనకే పోయాను.

మోపెడ్ పెనుకొండలో ఒక కంటి ఆసుపత్రి ముందు ఆగింది. లోపల ఉన్న నర్సు మామను చూసి లేచి వచ్చింది. పేరు కొండమ్మ.

"రాప్పా హనుమంతప్పా! ఈసారి ఎవరిని తెచ్చినావు?"

ఈసారి! నేను గోడవైపు చూశాను. అక్షరాల పటం పక్కన ఇంకో పటం వేలాడుతోంది. దానిమీద అక్షరాలు లేవు. వరసలు వరసలుగా కొంగలు. పై వరసలో చెయ్యంత, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి, చివరి వరసలో ఈగంత. చదువు రానివాళ్ళు అక్షరాలు చెప్పలేరని మామ గీసి ఇచ్చాడట. ఏ వరస దాకా పాదాల రంగు చెబితే కన్ను అంత బాగున్నట్టు.

"ఇప్పటికి పదిమందిని తెచ్చినాడు. అందరికీ కొంగ చూపిస్తానని చెప్పే తెస్తాడు. అందుకే అందరూ ఆకాశం చూసుకుంటానే లోపలికి వస్తారు" అంది కొండమ్మ.

వెంకటేశులు పై వరస దగ్గరే ఆగిపోయాడు. రెండు కళ్ళలోనూ పొర. మీగడ రంగుకూ లేత పసుపుకూ తేడా తెలియకపోవడం అందువల్లేనని డాక్టరు చెప్పాడు. ఒక కంటికి ఆ వారంలోనే ఆపరేషను. సన్నపని మూడు వారాలు ముట్టుకోకూడదు.

బయట బెంచీ మీద నేను మామను నిలదీశాను.

"ఇన్నేండ్లూ కొంగల పేరు చెప్పి కండ్లు చూస్తాండావా?"

"కొంగల కోసమే పోతానబ్బా. అవి బాగుంటాయి. పక్కన మనిషి ఉంటే మనిషి కండ్లు కూడా చూస్తా."

"నేరుగా చెప్పొచ్చు కదా, కన్ను చూపించుకో అని?"

"నేతగానికి కన్ను పోయిందని ఊర్లో తెలిస్తే వాని చేతికి పట్టు ఎవరిస్తారు రామాంజీ? అందుకే ఎవరూ ఒప్పుకోరు. కొంగ తెలీదంటే ఏముంది, నవ్వి మర్చిపోతారు."

అప్పుడు వెంకటేశులు బయటికి వచ్చాడు. మామ పక్కన కూర్చున్నాడు.

"మూడు వారాలు మగ్గం ఆగితే జగదీష్‌కు తెలిసిపోతాది మామా. ఎత్తుకొని పోతాడు."

"ఆగేది నీ వల్ల అయితే కదా ఎత్తుకొని పోతాడు" అన్నాడు మామ.

ధర్మవరం తిరిగివచ్చి నేరుగా జగదీష్ అంగడికి పోయాడు. గడప దగ్గర నిలబడి, వీధి మొత్తం వినేలా చెప్పాడు.

"కొంగల అట్టల్లో తప్పు పడింది జగదీష్. వెనక్కి వచ్చిన రెండు చీరలూ నా అట్టల వల్లే. అన్నీ మళ్ళీ కొట్టల్ల. మూడు వారాలు పడతాది."

అట్టకు రంగుతో సంబంధం లేదని వ్యాపారం చేసే జగదీష్‌కు తెలియదు. నాకు తెలుసు. నోరు తెరవబోయాను. మామ చూపు చూసి మూసుకున్నాను. జగదీష్ తిట్టాల్సినంత తిట్టాడు. కానీ కొంగల అట్టలు ఇంకెవరి దగ్గరా లేవు. ఏ మగ్గమైనా ఆగాల్సిందే.

ముప్పై ఏళ్ళ పేరు ఒక్క పూటలో పోయింది. మామ వీధిలో నడిస్తే అరుగుల మీద నుంచి ఒకటే వరస.

"ఏమప్పా హనుమంతప్పా, కొంగ కాళ్ళు సరే, అట్ట చిల్లులు చూసినావా?"

"చూడలేదప్పా!" అని నవ్వుకుంటూ పోయేవాడు. నాకు మాత్రం ఒక్కొక్కణ్ణీ పట్టుకొని మిషనుకు బిగించాలనిపించేది. జగదీష్ దారిన పోయినప్పుడల్లా ఇంట్లోంచి సుత్తి చప్పుడు వినబడేది. ఒకరోజు పోయి చూస్తే ఖాళీ అట్ట ఒకటి ముందు పెట్టుకొని, కిటికీ తెరిచి, దాన్ని టక్కుటక్కుమని కొడుతున్నాడు. చిల్లులు కొట్టే ఉలి కూడా పెట్టలేదు.

"ఏం కొడ్తాండావు మామా?"

"పొద్దు కొడ్తాండాను. గట్టిగా మాట్లాడొద్దు."

మూడు వారాల తర్వాత వెంకటేశులు కళ్ళద్దాలతో మగ్గం గుంతలోకి దిగాడు. మొదట కండెలన్నీ ఒళ్ళో పోసుకున్నాడు. "కళావతీ, ఇది మీగడ రంగు, ఇది పసుపు!" అని భార్యకు చూపించాడు. అవి రెండూ ఎప్పుడూ వేరువేరేనని ఆమెకు తెలుసు. అయినా కొత్తగా చూస్తున్నట్టు చూసింది. తర్వాత ఆయన మామ మొదట కొట్టిన కొంగల అట్టల కట్ట, అంటే తప్పు లేదని మేమనుకున్న అట్టలు, ఒక్కొక్కటిగా వెలుతురుకు పట్టి చూడటం మొదలుపెట్టాడు. నూట పదిహేడో అట్ట దగ్గర ఆగాడు.

"మామా, ఈడ ఒక చిల్లు లేదు."

నేను నవ్వాను. మామ నవ్వలేదు. అట్ట తీసుకొని గ్రాఫు మీద పెట్టాడు. మూడుసార్లు లెక్కపెట్టాడు. నేనూ లెక్కపెట్టాను. నా కళ్ళు దాటిపోయింది, నిజంగానే లేదు. ఎడమవైపు కొంగ పాదంలో ఒక పోగు లేవదు. ముప్పై ఏళ్ళలో మొదటి తప్పు.

ముఖం చిన్నబోతుందనుకున్నాను. ఆయన ఆ అట్ట పట్టుకొని వీధిలోకి పరిగెత్తాడు.

"ఓ యప్పా, రాండి! వెంకటేశులు నా తప్పు పట్టినాడు! ఒక్క చిల్లు! వెలుతురులో పెట్టి పట్టేసినాడు! మీలో ఎవరి కంటికైనా కనబడిందా? రామాంజీ, నీ కంటికి కనబడిందా?"

"లేదు మామా."

"వచ్చే ఆదివారం నువ్వు రా" అన్నాడు నాతో.

ఆ చిల్లు కొట్టి ఇచ్చాడు. పద్దెనిమిది రోజులు మగ్గం ఆగకుండా ఆడింది. ఎర్రటి కొంగు మీద ఒక్కొక్క తెల్లకొంగా లేచి నిలబడింది. నల్ల ముక్కు, నల్ల కాళ్ళు, ఒక్కొక్క పాదానికి రెండేసి పసుపు పోగులు. నేను బిగించిన మిషను మీద ఇంతవరకు అంత మంచి పని రాలేదు. జగదీష్ కొంగును ముందూ వెనకా తిప్పి చూశాడు. మరుసటి చీరకు పడుగు పట్టు మగ్గం పక్కన పెట్టి పోయాడు.

చీర ఇవ్వడానికి హిందూపురం ముగ్గురం పోయాం. నాగజ్యోతి బల్ల మీద కొంగు పరిచింది. మొదటి కొంగ నుంచి చివరి కొంగ దాకా వేలితో చూసుకుంటూ పోయింది.

"ఒక్క పాదం కూడా తప్పలేదు సార్. ఇంత సన్నపని చేసింది మీరేనా?"

"నేను అట్టలు కొట్టినా అంతే తల్లీ. అందులోనూ ఒకటి తప్పినా. పట్టింది ఈయన, నేసింది ఈయన" అని మామ వెంకటేశులును భుజం పట్టి ముందుకు నెట్టాడు.

వెంకటేశులు కళ్ళద్దాలు సరిచేసుకున్నాడు. చీరను అంచుకు అంచు కలిపి, ముడత లేకుండా మడిచి, ఆమె రెండు చేతుల్లో పెట్టాడు.